అత్తమామలతో ముక్తినాథ్ వెళ్తున్నాను, ఏమేం సిద్ధం చేసుకోవాలి?

ప్రశ్న: నేను జనగామ దగ్గర ప్రభుత్వ పాఠశాలలో టీచర్‌ని. మా అత్తగారికి 66 ఏళ్లు, మామగారికి 71. దివ్యదేశాల (ఆళ్వార్లనే వైష్ణవ భక్త కవులు పాడిన విష్ణు క్షేత్రాల) దర్శనం అత్తగారి చిరకాల కోరిక. తమిళనాడు, కేరళ క్షేత్రాలు చాలావరకు చూశారు. బదరీనాథ్ పదేళ్ల కిందట వెళ్లొచ్చారు. ఇప్పుడు నేపాల్‌లోని ముక్తినాథ్ చూడాలని పట్టుబట్టారు. ఆమెకు షుగర్, మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. మామగారికి బీపీ, మందులతో అదుపులోనే ఉంది. మా వారికి సెలవు దొరకదు కాబట్టి ఇద్దరినీ నేనే తీసుకెళ్లాలి. మే రెండో వారం అనుకుంటున్నాం. ట్రావెల్స్ వాళ్లు ఆరు రోజుల ప్యాకేజీ చెప్పారు: మొదటి రోజు ఖాట్మండు, రెండో రోజు పోఖరా, మూడో రోజు జీపులో ముక్తినాథ్ చేరి రాత్రి అక్కడే బస, నాలుగో రోజు పొద్దున్నే దర్శనం చేసుకుని పోఖరాకు తిరుగు ప్రయాణం. బదరీనాథ్‌లో మామగారికి రాత్రంతా తలనొప్పి, వాంతులు అయ్యాయని అత్తగారు అన్నారు, అది తిండి తేడా అనుకున్నారట. పాస్‌పోర్టు తప్పనిసరా? ఎలాంటి బట్టలు కొనాలి? 108 ధారల కింద స్నానం చేయాల్సిందేనా? ఆ రోజుల్లోనే నాకు నెలసరి వచ్చేలా ఉంది, మాత్రలు వేసుకుని వాయిదా వేయమని అత్తగారు అంటున్నారు. ఒక సాలగ్రామం కూడా ఇంటికి తెచ్చుకోవాలట. విదేశం వెళ్లడం మాకు ఇదే మొదటిసారి. చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు

సమాధానం:

అమ్మా, బట్టల సంగతి తర్వాత చూద్దాం. మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన వాక్యం ఒకటుంది. బదరీనాథ్‌లో మీ మామగారికి రాత్రంతా తలనొప్పి, వాంతులు అయ్యాయన్నారు. తిండి తేడా కావచ్చు, కాదనను. కానీ బదరీనాథ్ 3,100 మీటర్ల ఎత్తులో ఉంది. ఆ ఎత్తులో తలనొప్పి, వాంతులు కలిసి వస్తే ముందుగా అనుమానించాల్సింది ఎత్తునే. ముక్తినాథ్ దాదాపు 3,700 మీటర్లు. ఒకసారి ఎత్తు పడని మనిషికి మళ్లీ పడకపోయే అవకాశం ఎక్కువ. అందుకని మీరు సిద్ధం చేసుకోవాల్సిన వాటిలో మొదటిది ఆ ఆరు రోజుల ప్యాకేజీని మార్చడం.

పోఖరా 820 మీటర్ల ఎత్తులో ఉంటుంది. మన తిరుమల కొండ ఎత్తు కూడా ఇంచుమించు అంతే. అంటే ఆ ప్యాకేజీలో మూడో రోజు పొద్దున తిరుమలంత ఎత్తులో కాఫీ తాగి, అదే రాత్రి దానికి నాలుగు రెట్ల పైన ఉన్న చోట నిద్రపోవాలన్నమాట. అక్కడ గాలి పలుచన. ఊపిరికి అందే ఆక్సిజన్ మన ఊళ్లో దొరికే దాంట్లో మూడింట రెండు వంతులు కూడా ఉండదు. దానికి అలవాటు పడటానికి శరీరానికి కొంత సమయం పడుతుంది. బలంగా ఉన్నవాళ్లకు ఏమీ కాదు, ముసలివాళ్లకే అవుతుందని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. పాతికేళ్ల కుర్రాడు కూలబడటం, డెబ్బై ఏళ్ల పెద్దాయన హాయిగా తిరగడం రెండూ జరుగుతాయి. ఎంత వేగంగా ఎక్కాం, ఎంత ఎత్తులో పడుకున్నాం అన్న రెండింటి మీదే ఎక్కువ ఆధారపడి ఉంటుంది. పగలు పైకి వెళ్లి రాత్రి కిందికి దిగి పడుకోవడం మేలు. మీ ట్రావెల్స్ వాళ్ల ప్లాన్ దీనికి సరిగ్గా తలకిందులుగా ఉంది.

నా సలహా తొమ్మిది రోజులు. ఖాట్మండులో రెండు రాత్రులు ఉండండి. ఆ ఊరు 1,400 మీటర్లు, కాబట్టి శరీరానికి మొదటి మెట్టు అదే అవుతుంది, పశుపతినాథ దర్శనమూ తీరిగ్గా అవుతుంది. తర్వాత పోఖరాలో ఒక రాత్రి. అక్కడి నుంచి జోమ్‌సోమ్, ఇది 2,700 మీటర్లు. జోమ్‌సోమ్‌లో గానీ పక్కనే ఉన్న మార్ఫా ఊళ్లో గానీ ముక్తినాథ్ కంటే ముందు రెండు రాత్రులు గడపండి. మూడో రోజు పొద్దున్నే జీపులో ముక్తినాథ్ వెళ్లి, దర్శనం చేసుకుని, మధ్యాహ్నానికల్లా మళ్లీ జోమ్‌సోమ్ దిగి రండి. రాణీపౌవాలో, అంటే గుడి కింద ఉన్న బస ఊళ్లో, రాత్రి ఉండొద్దు. దర్శనం రోజు రాత్రీ జోమ్‌సోమ్‌లోనే పడుకుని మర్నాడు పోఖరా వస్తే, ఇంటికి బయలుదేరే ముందు ఒక రోజు ఖాళీగా మిగులుతుంది. ఆ ఖాళీ రోజును దేనితోనూ నింపకండి. అది వాతావరణానికి వదిలిపెట్టిన రోజు.

ఎందుకంటే పోఖరా నుంచి జోమ్‌సోమ్‌కు వెళ్లేవి ఇరవై సీట్ల లోపు చిన్న విమానాలు. ప్రయాణం ఇరవై నిమిషాలే. అన్నపూర్ణ, ధవళగిరి శిఖరాల మధ్య కాళీ గండకి నది లోయలోంచి ఎగురుతాయి. పొద్దున పది, పదకొండు దాటితే ఆ లోయలో గాలి ఎంత జోరుగా వీస్తుందంటే విమానాలు ఆపేస్తారు. మబ్బు పట్టినా ఆపేస్తారు. 2022 మే 29న ఇదే దారిలో ఒక విమానం కొండను ఢీకొని అందులో ఉన్న 22 మందీ చనిపోయారు. భయపెట్టడానికి చెప్పడం లేదు. విమానం రద్దయిందని చెప్పిన రోజున కౌంటర్ దగ్గర పోట్లాడేవాళ్లలో మీరు ఉండకూడదని చెబుతున్నాను. మర్నాడు వెళ్లడానికి మీ చేతిలో ఒక రోజు ఉంటే ఆ పోట్లాట అవసరమే రాదు.

విమానం వద్దనుకుంటే బేనీ, తాతోపానీ మీదుగా జీపు దారి ఉంది. గతుకులు, దుమ్ము, అక్కడక్కడ విరిగిపడిన కొండచరియలు. ఒక్క రోజులో తీసుకెళ్తామంటారు కానీ మీ అత్తగారి మోకాళ్లకు అది శిక్ష. తాతోపానీ 1,200 మీటర్ల దగ్గర ఉంటుంది, వేడినీటి బుగ్గలున్నాయి. ఆ రాత్రి అక్కడ ఆగి మర్నాడు జోమ్‌సోమ్ చేరితే నడుముకూ విశ్రాంతి, ఎత్తుకూ అలవాటు. నిజానికి ఎత్తు పడుతుందో లేదో తెలియని మీ మామగారికి విమానం కంటే ఇలా రెండు రోజుల్లో నెమ్మదిగా ఎక్కే దారే మంచిది.

మే రెండో వారం అన్నారు. మంచి ఎంపికే. మార్చి నుంచి మే దాకా, మళ్లీ సెప్టెంబరు ఆఖరు నుంచి నవంబరు దాకా ఈ యాత్రకు అనువైన కాలం. జూన్‌లో వానలు మొదలైతే కొండదారులు నమ్మకం కాదు. దసరా సెలవుల్లో వెళ్దామని ఎవరైనా అంటే మాత్రం తొందరపడొద్దు. నేపాల్ వాళ్లకు దసైన్ అన్నిటికంటే పెద్ద పండగ, దేశమంతా సొంతూళ్లకు బయలుదేరుతుంది, సీట్లు దొరకడం కష్టం.

ఇక రెండో సంగతి. ఇద్దరు పెద్దవాళ్లకు మీరొక్కరే అంటున్నారు. ఇది సరిపోదు. ముక్తినాథ్ మెట్ల దగ్గర మామగారికి తల తిరిగి వాంతి అయిందనుకోండి. ఆయన్ను వెంటనే కిందికి తీసుకెళ్లాలి. అత్తగారు మాత్రం గుడి కనిపిస్తోంది, ఇంకో అరగంట అంటారు. మీరు ఎవరితో ఉంటారు? మోకాళ్ల నొప్పులున్న మనిషిని కొత్త దేశంలో ఒంటరిగా మెట్లెక్కిస్తారా, ఒంట్లో బాగాలేని మనిషిని డ్రైవర్‌కు అప్పగించి పంపిస్తారా? ఈ ప్రశ్నకు జవాబు జనగామలో ఉండగానే తేలాలి. మీ వారికి సెలవు కోసం ఇంకోసారి గట్టిగా అడగమనండి. కుదరకపోతే మరిదినో ఆడపడుచునో తోడు తీసుకెళ్లండి. ఎవరూ రాలేకపోతే, ఒకరికి బాగాలేకపోతే ముగ్గురం కలిసే దిగిపోదామన్న మాట ఇప్పుడే ఖాయం చేసుకోండి.

ఆ మాట మీ నోటితో చెప్పడం కష్టమని నాకు తెలుసు. కోడలు వద్దంటే దర్శనానికి అడ్డుపడిందన్న మాట జీవితాంతం మిగిలిపోతుంది. అందుకే డాక్టర్‌తో చెప్పించండి. ఇద్దరినీ కూర్చోబెట్టి, కొండ మీద తలనొప్పితో పాటు వాంతి గానీ తూలడం గానీ వస్తే పైకి ఒక్క అడుగు కూడా వేయకూడదని, కూర్చున్న చోటే ఆయాసం వచ్చినా, మాట తడబడినా, మనిషి అయోమయంగా ఉన్నా ఆ క్షణమే కిందికి దిగాలని ఆయన చేత చెప్పించండి. వీలైతే మందుల చీటీ మీదే తెలుగులో రాయించండి. మన ఇళ్లలో ఆ చీటీకున్న బలం మన మాటకు ఉండదు.

డాక్టర్ దగ్గరికి ప్రయాణానికి కనీసం నెల ముందు వెళ్లండి. బదరీనాథ్ సంగతి తప్పకుండా చెప్పండి. మామగారికి ఈసీజీ, అవసరమైతే ఎకో (గుండె స్కానింగ్) తీయించమని అడగండి. ఎత్తు ప్రదేశాలకు ముందుగా వాడే ఎసిటజోలమైడ్ అనే మాత్ర ఒకటుంది, డైమాక్స్ పేరుతో దొరుకుతుంది. సల్ఫా మందులు పడనివాళ్లు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు డాక్టర్‌కు ఆ సంగతి చెప్పకుండా దాన్ని ముట్టుకోకూడదు. బీపీ మాత్రల్లో మూత్రం ఎక్కువ వచ్చేలా చేసేవి ఉంటే అది కూడా చెప్పాలి, ఎందుకంటే ఇదీ అదే పని చేస్తుంది. వేలికొసలు తిమ్మిరెక్కడం దాని మామూలు గుణం, కంగారు పడొద్దు. బృందంలో ఎవరో ఇచ్చారని మింగడం, పక్కవాళ్ల మోతాదే మనకూ అనుకోవడం మాత్రం వద్దు. కొండ మీద నిద్రపట్టలేదని నిద్రమాత్రలు అసలే వద్దు.

షుగర్ విషయంలో నాకున్న భయం మందుల గురించి కాదు, ఉపవాసం గురించి. మన పెద్దవాళ్లు దర్శనం అయ్యేదాకా పచ్చి మంచినీళ్లు ముట్టరు. తెల్లవారుజామున లేచి, మాత్ర మాత్రం అలవాటుగా వేసుకుని, ఖాళీ కడుపుతో చలిలో మెట్లెక్కితే షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది. చెమట, వణుకు, తల తిరగడం వస్తాయి. చలి వణుకని, ఎత్తు ప్రభావమని పొరబడే ప్రమాదం కూడా ఉంది. అత్తగారితో ఇప్పుడే మాట్లాడండి. పాలో, పండో, నానబెట్టిన అటుకులో ఏదో ఒకటి తిన్న తర్వాతే మాత్ర వేసుకోవాలి. మీ చేతిసంచిలో గ్లూకోజ్ పొట్లం, పటికబెల్లం ఉంచుకోండి. షుగర్ చూసుకునే మీటర్‌ను స్వెట్టర్ లోపలి జేబులో పెట్టుకోండి, బాగా చల్లబడితే అది సరిగా పనిచేయదు. ఇన్సులిన్ వాడేవారైతే దాన్ని గడ్డకట్టనివ్వకూడదు, విమానంలో సామానుతో పంపకుండా చేతిసంచిలోనే తీసుకెళ్లాలి. మందులన్నీ రెట్టింపు కొని రెండు సంచుల్లో సర్దండి.

ఇవాళ్టి నుంచే ఇద్దరినీ రోజూ నడిపించండి. అత్తగారికి మెట్లెక్కడం కంటే దిగడమే బాధగా ఉంటుంది, చేతికర్ర అలవాటు చేయండి. రాణీపౌవాలో జీపు దిగాక గుడి దాకా ఎక్కుడు దారి ఉంటుంది. గుర్రాలు దొరుకుతాయి. డబ్బు మిగిల్చుకుందామని ఆమెను నడిపించకండి.

పాస్‌పోర్టు గురించి అడిగారు. భారతీయులకు నేపాల్ వెళ్లడానికి వీసా అక్కర్లేదు. విమానంలో వెళ్లేవాళ్లకు పాస్‌పోర్టు గానీ ఎన్నికల సంఘం ఇచ్చిన వోటరు కార్డు గానీ ఉండాలి. మీ వయసువాళ్లకు ఆధార్ చెల్లదు. ఇది చాలామందికి విమానాశ్రయానికి వెళ్లేదాకా తెలియదు. 65 దాటినవాళ్లకు వేరే గుర్తింపు పత్రాల విషయంలో సడలింపులు ఉన్నాయి కానీ, కౌంటర్ దగ్గర వాదించుకునే పని పెట్టుకోకుండా ముగ్గురూ వోటరు కార్డుల అసలు ప్రతులు తీసుకెళ్లండి. జిరాక్సులు, ఫోన్‌లో ఫొటోలు లెక్కలోకి రావు.

అంతకంటే ముఖ్యమైంది పేరు. మన తెలుగువాళ్లకు ఇంటిపేరుతో వచ్చే చిక్కు ఇది. వోటరు కార్డులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో పొడి అక్షరం ఉంటుంది, పాత కార్డులో పెళ్లికి ముందు ఇంటిపేరే ఉండిపోతుంది. ట్రావెల్స్ కుర్రాడు ఫోన్‌లో విన్నది విన్నట్టు టైప్ చేస్తాడు. మీరు చేయాల్సింది ఏమిటంటే, ఏ కార్డు చూపించి విమానం ఎక్కుతారో ఆ కార్డు ఫొటోనే పంపి, దాని మీద ఇంగ్లిష్‌లో ఉన్న అక్షరాలే టికెట్ మీద రావాలని చెప్పడం. టికెట్ రాగానే ముగ్గురి పేర్లూ అక్షరం అక్షరం పోల్చి చూడండి. కార్డులో తప్పుంటే దిద్దించుకోవడానికి వారాలు పడుతుంది కాబట్టి ఈ పని అన్నిటికంటే ముందు పెట్టుకోండి.

ట్రావెల్స్ వాళ్లను కొన్ని విషయాలు అడిగి, జవాబులు వాట్సాప్‌లో రాయించుకోండి. జోమ్‌సోమ్ విమానం రద్దయితే ఆ డబ్బు తిరిగి ఇస్తారా, జీపు ఖర్చు, అదనపు రాత్రి బస ఎవరిది? బృందంలో ఎవరైనా మధ్యలో దిగిపోవాల్సి వస్తే వేరే జీపు ఉంటుందా? ఆక్సిజన్ సిలిండర్ వెంట తెస్తారా? అన్నపూర్ణ సంరక్షిత ప్రాంతంలోకి వెళ్లడానికి అనుమతి రుసుము ఉంటుంది, అది ప్యాకేజీలో ఉందా? రోజులు పెంచమంటే కుదరదని చెప్పి, పెద్దవాళ్లను కూడా ఒక్క రోజులో పైకి ఎక్కించి అక్కడే పడుకోబెడతామనే వాళ్లతో వెళ్లకండి. ఇది నా గట్టి అభిప్రాయం. తక్కువ ధరకు అన్ని క్షేత్రాలూ చూపిస్తామనేవాళ్లు మిగిల్చుకునేది మీ వాళ్ల విశ్రాంతి రోజులనే.

ప్రయాణ బీమా తప్పకుండా తీసుకోండి. ఇక్కడి ఆరోగ్య బీమా సాధారణంగా బయటి దేశంలో పనిచేయదు. ఎత్తు పరిమితి ఎంత, హెలికాప్టర్‌లో తరలిస్తే ఖర్చు ఇస్తారా, ముందు నుంచీ ఉన్న షుగర్, బీపీలకు వర్తిస్తుందా అన్న మూడు సంగతులు పాలసీ కాగితంలో కళ్లతో చూడాలి, ఏజెంట్ మాట మీద వదలకూడదు.

ఇప్పుడు స్నానం. గుడి వెనక అర్ధచంద్రాకారంలో గోడకు 108 ధారలు ఉంటాయి, ఒక్కొక్కటి ఎద్దు తల ఆకారంలో. మనిషి తల మీద పడేంత ఎత్తులోనే వరుసగా కారుతుంటాయి. గుడి ముందు రెండు కుండాలు. ఆ నీళ్లు మంచు కరిగినవి. మే నెలలోనూ ఒక్క దోసెడు పట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోతాయి. కుర్రవాళ్లు ధారల కింద ఒక్క పరుగున వెళ్లి కుండంలో మునిగి కేకలు పెడుతూ బయటికి వస్తారు. షుగర్, బీపీ ఉన్న పెద్దవాళ్లకు ఆ చల్లదనం గుండె మీద ఒక్కసారిగా భారం వేస్తుంది, పైగా తడి బండలు జారతాయి. నా మాటగా మీ అత్తగారికి చెప్పండి: తిరుమంగై ఆళ్వార్ పాశురాలు పాడింది ఈ సాలగ్రామ క్షేత్రంలోని స్వామి మీద. దివ్యదేశం పూర్తయ్యేది మూర్తి దర్శనంతో. ధారల దగ్గరికి వెళ్లి ఒక్కొక్క దాని నీళ్లు చేత్తో తాకి తల మీద చల్లుకుంటే చాలు, అక్కడికి వచ్చే పెద్దవాళ్లలో చాలామంది చేసేది అదే. ఒక చిన్న చెంబు తీసుకెళ్తే ఇంకా వీలు. అలా 108 ధారల దగ్గరా నిదానంగా నడిస్తే ఆమెకు తృప్తి, మీకు నిశ్చింత.

అక్కడ గుడిలోని విష్ణుమూర్తిని బౌద్ధులు కరుణకు ప్రతిరూపమైన బోధిసత్వుడు అవలోకితేశ్వరుడిగా కొలుస్తారు. బౌద్ధ సన్యాసినులు కూడా గుడి సేవలో ఉంటారు. దగ్గర్లోనే జ్వాలామాయి గుడిలో భూమిలోంచి వచ్చే సహజ వాయువుతో చిన్న మంట నీటి పక్కనే వెలుగుతూ ఉంటుంది. అత్తగారికి ఇవన్నీ ముందే చెప్పి ఉంచండి, మన గుళ్ల పద్ధతి కాదేమిటని అక్కడ తికమక పడకుండా ఉంటారు. పశుపతినాథ్‌లో తోలు వస్తువులు లోపలికి రానివ్వరు, బెల్టు, పర్సు బసలోనే వదిలేయండి. ప్రధాన ఆలయంలో ఫొటోలు తీయనివ్వరు. నాలుగు ముఖాల లింగం, నాలుగు వైపులా ద్వారాలు. పూజ చేసే భట్టులు తరతరాలుగా దక్షిణాది నుంచి, ముఖ్యంగా కర్ణాటక నుంచి వచ్చేవాళ్లే కాబట్టి మీ మామగారికి ఆ మంత్రోచ్చారణ పరాయిగా అనిపించదు.

బట్టలకు పెద్దగా ఖర్చు పెట్టకండి. ఒక మందపాటి కోటు కంటే లోపల ఒంటికి పట్టే థర్మల్స్, దాని మీద స్వెట్టర్, పైన గాలి చొరబడని జాకెట్, ఇలా పొరలుగా ఉంటే ఎండ వచ్చినప్పుడు తీసేయొచ్చు. చెవులు మూసే టోపీ, ఉన్ని సాక్సులు, జారని బూట్లు, దుమ్ముకు మాస్కు, ఎండకు చలువ కళ్లద్దాలు. గుళ్లో చెప్పులు విప్పాలి, రాయి చల్లగా ఉంటుంది కాబట్టి సాక్సులు రెండు జతలు అదనంగా. అత్తగారు చీరే కడతానంటే చీర లోపల థర్మల్ ప్యాంటు వేయించండి. జోమ్‌సోమ్ విమానంలో సామాను చాలా తక్కువే అనుమతిస్తారు, పెద్ద సూట్‌కేసులు పోఖరా హోటల్‌లో వదిలి చిన్న సంచితో వెళ్లండి.

తిండికి ఇబ్బంది లేదు. అన్నం, పప్పు, కూర ఎక్కడైనా దొరుకుతాయి. ఉల్లి, వెల్లుల్లి తినని వాళ్లయితే ముందే చెప్పి వండించుకోవాలి. మన వైపు నుంచి వెళ్లే పెద్ద బృందాలు వంటమనిషిని వెంట తీసుకెళ్తాయి, మీ బృందంలో ఉన్నారేమో అడగండి. కందిపొడి, అటుకులు, పల్లీలు దగ్గరుంచుకోండి. ఊరగాయ చేతిసంచిలో పెడితే విమానాశ్రయంలో తీసేస్తారు, పెద్ద పెట్టెలో వేయాలి. దాహం వేయకపోయినా నీళ్లు తాగుతూ ఉండేలా చూడండి. మాటిమాటికీ బాత్రూమ్‌కు వెళ్లాల్సి వస్తుందని పెద్దవాళ్లు ప్రయాణాల్లో నీళ్లు మానేస్తారు, కొండ మీద అది చెరుపు చేస్తుంది.

డబ్బు సంగతి సులువే. మన 100 రూపాయలకు అక్కడి 160. ఈ లెక్క ఏళ్లుగా మారలేదు. మన 100 నోట్లు చాలాచోట్ల తీసుకుంటారు. పెద్ద నోట్ల నిబంధనలు మారుతూ వచ్చాయి కాబట్టి బయలుదేరే ముందు బ్యాంకులో అడిగి అప్పటి నియమం తెలుసుకోండి. మన యూపీఐతో అక్కడి దుకాణాల క్యూఆర్ కోడ్‌లకు చెల్లించే ఏర్పాటు 2024లో మొదలైంది, అయినా కొండ మీద దాన్ని నమ్ముకోవద్దు, గుర్రాలకు, జీపులకు నగదే కావాలి. గడియారం మన కంటే పావుగంట ముందుంటుంది. ఫోన్‌కు రోమింగ్ ప్యాక్ ఇక్కడే వేయించుకోండి. మామగారి జేబులో, అత్తగారి సంచిలో హోటల్ పేరు, మీ నంబరు, వాళ్ల మందుల పేర్లు ఇంగ్లిష్‌లో రాసిన కాగితం ఉండాలి.

మీరు అడగలేదు కానీ ఒకటి చెబుతాను. జోమ్‌సోమ్‌కూ ముక్తినాథ్‌కూ మధ్య కాగ్‌బేనీ ఉంది. కాళీ గండకి సంగమం దగ్గర పితృకార్యం చేస్తారు. మీ మామగారికి ఆ ఆలోచన ఉందేమో ఇప్పుడే అడగండి. ఉంటే మూడు తరాల పేర్లు, గోత్రం కాగితం మీద రాయించి పెట్టుకోండి. అక్కడికి వెళ్లాక ముత్తాత పేరు కోసం ఇంటికి ఫోన్లు చేసేవాళ్లను చూశాను, సిగ్నల్ అందదు. జోమ్‌సోమ్‌లో ఉండే విశ్రాంతి రోజు పొద్దున్నే, గాలి లేవకముందే ఈ పని చేసుకోవచ్చు. ఎత్తు కూడా జోమ్‌సోమ్ కంటే కాస్తే ఎక్కువ.

ఇక మీ సొంత ప్రశ్న. నెలసరి వాయిదా మాత్రలు డాక్టర్ చూడకుండా వేసుకోవద్దు. కొందరిలో ఇవి రక్తం గడ్డకట్టే ముప్పు పెంచుతాయి, గంటల తరబడి కూర్చునే ప్రయాణం, ఎత్తు దానికి తోడవుతాయి. గైనకాలజిస్టును కలవండి, మీ ఇంట్లో ఎవరికైనా రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉంటే, మీకు మైగ్రేన్ ఉంటే చెప్పండి. ఆవిడ వద్దంటే వద్దు. గుళ్లోకి వెళ్లడం, వెళ్లకపోవడం మీ నమ్మకం, దాని గురించి నేను తీర్పు చెప్పను. మీరు బయట కూర్చున్నా పెద్దవాళ్లను లోపలికి తీసుకెళ్లే మనిషి ఒకరుండాలి. రెండో తోడు కావాలని నేను అంతగా చెప్పడానికి ఇదీ ఒక కారణం. తేదీలు ఇంకా ఖాయం కాలేదు కదా, ఒక వారం అటూ ఇటూ జరిపితే మాత్రల గొడవే లేదు. మీ వారి చేత ఆ మాట అత్తగారికి చెప్పించండి.

సాలగ్రామం చివరికి మిగిలింది. కాళీ గండకిలో దొరికే ఆ నల్లని రాళ్లు, లోపల చక్రాలతో, కోట్ల ఏళ్ల కిందటి సముద్ర జీవుల శిలాజాలు. హిమాలయాలు లేవకముందు అక్కడ సముద్రం ఉండేది. మన వైష్ణవ ఇళ్లలో అవే సాక్షాత్తు స్వామి. దారి పొడవునా అమ్ముతారు. చెక్కి, రంగు పూసినవీ ఉంటాయి. నదిలో ఏరి సంచిలో వేసుకోకుండా, దేశం దాటించడానికి అనుమతి, రసీదు ఏం కావాలో మీ గైడ్‌ను, కస్టమ్స్ వాళ్లను ముందే అడగండి. దానికంటే పెద్ద ప్రశ్న ఇంట్లో ఉంది. సాలగ్రామం ఇంటికొస్తే నిత్యం తిరుమంజనం (అభిషేకం), తులసి, నైవేద్యం జరగాలి. ఊరెళ్లినా ఎవరో ఒకరు చూడాలి. ఇవాళ అత్తగారు చేస్తారు. ఆమె చేతులు ఆడని రోజున పొద్దున్నే బడికి పరుగెత్తే మీ మీద పడుతుంది. మీకు ఇష్టమైతే సంతోషంగా తెచ్చుకోండి. ఇష్టం లేకపోతే, కుదరదనిపిస్తే, ఆ మాట ఇప్పుడే నలుగురూ కూర్చున్నప్పుడు నెమ్మదిగా చెప్పండి. గండకి ఒడ్డున అత్తగారు రాయి చేతిలో పట్టుకుని మీ వైపు చూసినప్పుడు కాదనడం ఎవరి తరమూ కాదు.